ఇటలీలో పన్నెండు నిద్రలు

ఇటలీ వెళ్ళొచ్చామని తెలిసిన దగ్గర్నుంచీ ఎవరు కనపడినా ఒకటే ప్రశ్న. "ఏమేం కవర్ చేశారు?" ఊళ్ళని కవర్ చెయ్యడమేమిటో నాకెప్పుడూ అర్థం కాదు. పుస్తకాలకి అట్టలు వేస్తాం, దిండ్లకి గలేబులు వేస్తాం. ఊళ్ళకేం వేస్తాం? "రోమ్, లూక్కా, పాదువా" అని చెప్తే అవతలివాళ్ళ మొహం కాస్త వాడిపోతుంది. "పన్నెండు రోజుల్లో మూడూళ్ళేనా? మా తోడికోడలు వాళ్ళు పది రోజుల్లో ఏడు దేశాలు చూసొచ్చారు" అంటారు. ఆ లూక్కా అనేది ఎక్కడుందని మాత్రం ఎవరూ అడగరు.

మన పెద్దవాళ్ళ భాషలో "నిద్ర చెయ్యడం" అని ఓ చక్కటి మాట ఉంది. కాశీ వెళ్తే తొమ్మిది నిద్రలు చెయ్యాలంటారు. క్షేత్రానికి వెళ్తే ఒక్క రాత్రైనా నిద్ర చేసి రమ్మంటారు. దర్శనం అయిపోగానే తిరుగు బస్సెక్కితే వెళ్ళినట్టు కాదన్నమాట. ఆ ఊళ్ళో పడుకోవాలి, పొద్దున్నే ఆ ఊరి నీళ్ళతో మొహం కడుక్కోవాలి, వీధి చివర కాఫీకొట్టువాడు మనల్ని రెండోరోజు గుర్తుపట్టాలి. సొంతంగా ఇటలీ వెళ్ళాలనుకునేవాళ్ళు ఎవరైనా నన్ను సలహా అడిగితే, ముందు ఎన్ని ఊళ్ళో అనుకోకండి, ఎన్ని నిద్రలో లెక్క వేసుకోండి అంటాను. రెండోది, మీలో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషి ఎవరో చూసుకుని, ఆ మనిషి నడకని బట్టి మొత్తం ప్రయాణం కట్టుకోండి.

మాలో ఆ మనిషి మా అత్తయ్య. డెబ్భయ్యేళ్ళు. రెండు మోకాళ్ళూ నొప్పే. గుడ్డు కూడా ముట్టని శాకాహారి. 2024 దసరా సెలవుల్లో వెళ్దామని మావారు అన్నప్పుడు చుట్టాలందరూ ఏకగ్రీవంగా తేల్చిన విషయం, ఆవిడని మా ఆడపడుచు దగ్గర దింపి వెళ్ళమని. "అక్కడంతా రాళ్ళబాటలూ మెట్లూనట, ఆవిడేం నడుస్తుంది, మీకూ సరదా ఉండదు" అని. వాళ్ళు ప్రేమగానే అన్నారు. కానీ నాకొకటి అనిపించింది. మేం వెళ్ళే పద్ధతి ఆవిడ రాలేని పద్ధతి అయితే, పద్ధతి మార్చాలా, ఆవిడని మానిపించాలా? నాకు పద్ధతి మార్చడమే సులువనిపించింది. పైగా, నిజం చెప్పొద్దూ, ఆవిడ కోసం మార్చుకున్న పద్ధతి నాక్కావలసినదే.

ఎందుకంటే అంతకు ఆరేళ్ళ ముందు ఓ టూరు కంపెనీతో యూరప్ వెళ్ళాం. పేరెందుకులెండి. పొద్దున ఆరింటికల్లా పెట్టెలు గది బయట పెట్టాలి, ఏడుకి బస్సు. ఫ్లారెన్స్‌కి ఇచ్చిన సమయం రెండున్నర గంటలు. అందులో అరగంట బాత్రూమ్ వరస, అరగంట తోలుసంచుల కొట్టు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, వంట బాధ లేదు, దారి వెతుక్కునే బాధ లేదు, భోజనానికి పప్పూ అన్నం దొరికింది. కాని నేను ఇంట్లో ఐదింటికి లేచి టిఫిన్ డబ్బాలు సర్ది అందర్నీ తరిమి తరిమి బయటికి పంపే మనిషిని. అంత డబ్బు పోసి వెళ్ళి అక్కడా అదే పని. "జడ వేసుకున్నావా, మందులు వేసుకున్నారా, పాస్‌పోర్టు ఎక్కడ, బస్సు వెళ్ళిపోతుంది." ఇంట్లో గడియారాన్ని సూట్‌కేసులో పెట్టుకెళ్ళినట్టే ఉంది.

కాబట్టి ఈసారి మూడే ఊళ్ళు. ఊరికి నాలుగు నిద్రలు. విమానం రోమ్‌లో దిగి, వెనిస్ నుంచి ఎక్కేలా టిక్కెట్లు తీసుకున్నాం. ఇది చాలామందికి తట్టదు. రానూపోనూ ఒకే ఊరికి తీసుకుంటే చివర్లో మళ్ళీ వెనక్కి వెళ్ళడానికి ఓ పూట, రైలు ఖర్చు రెండూ పోతాయి. ఇటలీ పొడవాటి దేశం, ఓ కొసన దిగి మధ్యలో ఆగి రెండో కొస నుంచి వెళ్ళిపోతే హాయి.

నెల విషయంలో మాత్రం మన దసరా సెలవులకి దణ్ణం పెట్టాలి. మన వేసవి సెలవులు చివరికొచ్చేసరికి అక్కడ ఎండలూ జనమూ రెండూ మొదలవుతాయి. ఆగస్టు అయితే అసలు వద్దు. 15న వాళ్ళకి ఫెర్రగోస్తో పండగ, ఆ చుట్టుపక్కల చాలా కుటుంబాల కొట్లూ హోటళ్ళూ తాళాలు వేసుకుని సముద్రానికి వెళ్ళిపోతాయి. అక్టోబరు మొదట్లో పగలు పల్చటి ఎండ, సాయంత్రం శాలువా కప్పుకునేంత చలి. వానలు పడతాయి, గొడుగు తప్పదు. "పండగపూట ఇల్లు వదిలి వెళ్తామా" అని నేను నసిగితే అత్తయ్యే "అమ్మవారు ఎక్కడైనా అమ్మవారే, పదవే" అన్నారు.

వీసా సంగతి పొట్టిగా చెప్తాను. షెంగెన్ వీసా పెద్దవాళ్ళకి 90 యూరోలు, పన్నెండేళ్ళు దాటిన పిల్లలకీ అంతే. కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. ప్రయాణానికి ఆరునెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. చివరి నెలదాకా ఆగితే అపాయింట్‌మెంట్లు దొరక్క గుండె దడ. హోటళ్ళు ముందు రద్దు చేసుకునే వీలున్నవే పట్టుకోండి. ఫారంలో వృత్తి అన్నచోట గృహిణి అని రాసి, ఖర్చు ఎవరు పెడతారు అన్నచోట మావారి పేరు రాసినప్పుడు నాలో ఏదో చిన్నగా ముల్లు గుచ్చుకుంది. అది వేరే వ్యాసం.

అసలు గొడవ ఇక్కడుంది. "సొంతంగా వెళ్దాం" అని అందరూ ఉత్సాహంగా అంటారు. సొంతంగా అంటే ఎవరి సొంతం? టూరు కంపెనీ చేసే పనంతా ఇంట్లో ఎవరో ఒకరి మీద పడుతుంది. ఆ ఎవరో ఒకరు ఎవరో చెప్పక్కర్లేదు. "నువ్వు ఇంట్లోనే ఉంటావుగా, కాస్త చూడు" అన్నారు మావారు. గది వెతకడం, రైలు వెతకడం, మ్యూజియం ఏ వారం మూసేస్తారో వెతకడం, అన్నీ చేసి, అక్కడికెళ్ళాక ఏదైనా తేడా వస్తే "నువ్వే కదా బుక్ చేశావ్" అనే మాట పడడం. విశ్రాంతి ప్రయాణం అంటే ఆ పని కూడా పంచుకున్న ప్రయాణమే అని నా గట్టి నమ్మకం. అందుకని మొదటి ఆదివారమే కాగితం మీద గీతలు గీశాను. వీసా కాగితాలూ డబ్బూ మావారివి. రైళ్ళు తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయివి. వాడికి ఫోన్ చేతిలో ఉండడానికి ఓ గౌరవనీయమైన కారణం దొరికింది. గదులు నావి. సాయంత్రం ఎక్కడ కూర్చోవాలో అత్తయ్య ఇష్టం. ఎవరి శాఖలో ఇంకొకరు వేలు పెట్టకూడదు, తప్పు పట్టకూడదు.

మావాడు తెలుసుకున్నవి చెప్తాను. ఫ్రెచ్చారోస్సా, ఇతాలో అని అక్కడ వేగంగా వెళ్ళే రైళ్ళు రెండు రకాలు. వాటికి విమానం టిక్కెట్లలాగే ముందు కొంటే చవక, ఆఖర్న కొంటే ఖరీదు. రోమ్ నుంచి ఫ్లారెన్స్ గంటన్నర. మన ప్యాసింజరు బండ్లలాంటి ప్రాంతీయ రైళ్ళకి మాత్రం ధర మారదు, అప్పటికప్పుడు కొనుక్కోవచ్చు. కాగితం టిక్కెట్ కొంటే ఎక్కేముందు ప్లాట్‌ఫారం మీద ఉండే చిన్న యంత్రంలో పెట్టి ముద్ర వేయించుకోవాలి, లేకపోతే టిక్కెట్ ఉన్నా జరిమానా. కారు అద్దెకి తీసుకుందామన్న మావారి కోరికని మావాడే కొట్టేశాడు. పాత ఊళ్ళ నడిబొడ్డులోకి బయటి కార్లు రాకూడదు, కెమెరాలుంటాయి, ఇంటికొచ్చాక జరిమానా కాగితాలు వెతుక్కుంటూ వస్తాయి అని.

గదులు వెతకడంలో నేను చూసుకున్నవి మూడు. లిఫ్ట్ ఉందా. స్టేషన్ నుంచో బస్టాపు నుంచో ఎంత దూరం. స్నానాలగదిలో తొట్టి ఉందా, ఉత్త షవరా. ఈ మూడోది ఎవరూ రాయరు. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి తొట్టి గోడ ఎక్కి దిగడం అంటే చిన్న కొండెక్కడమే. బాల్కనీ, పూలకుండీలు, టెర్రేస్ మీంచి గోపురాలు కనపడ్డం, అవన్నీ తర్వాత. అక్కడి పాత ఇళ్ళలో చాలావాటికి లిఫ్టులుండవు. బాగా బతికిన ఇళ్ళు, మెట్లు కూడా మధ్యలో అరిగి గుంటలు పడి ఉంటాయి.

రోజుకి టిక్కెట్టు పెట్టి చూసేది ఒక్కటే. మిగతా రోజంతా ఏదైతే అది. ఈ ఒక్క నియమం వల్ల మిగిలినన్ని గొడవలు నా పెళ్ళైన ఇన్నేళ్ళలో ఎప్పుడూ మిగల్లేదు. రోమ్‌లో కలోసియం ఓరోజు. వేళ రాసిన టిక్కెట్టు, మన పేరు మీద ఇస్తారు, పద్ధెనిమిది లోపు పిల్లలకి ఉచితం, నడవలేనివాళ్ళకి లోపల లిఫ్ట్ ఉంది. పాంథియాన్ ఓరోజు. 2023లో దానికి 5 యూరోల టిక్కెట్ పెట్టారు. పైకప్పు మధ్యలో తెరిచి వదిలేసిన పెద్ద గుండ్రటి కంత, వానొస్తే నీళ్ళు నేరుగా లోపల పడతాయి, పోవడానికి నేలకి చిన్న చిన్న రంధ్రాలు. "మండువా ఇల్లు కదూ" అన్నారు అత్తయ్య. పందొమ్మిది వందల ఏళ్ళ రోమన్ కట్టడాన్ని ఒక్క మాటలో గోదావరి జిల్లాకి తెచ్చేశారు.

వాటికన్ రోజున విడిపోయాం. ఇది కూడా నా సిద్ధాంతమే. కుటుంబమంటే అందరూ అన్నీ కలిసే చూడాలని ఎక్కడుంది? వాటికన్ మ్యూజియాలంటే మైళ్ళ కొద్దీ వరండాలు, సిస్టీన్ ఛాపెల్ దాదాపు ఆ నడక చివర్న. తండ్రీకొడుకులు అటు వెళ్ళారు. నేనూ అత్తయ్యా సెయింట్ పీటర్స్ చర్చికి. దానికి టిక్కెట్ లేదు, తనిఖీ వరస మాత్రం పొడుగు. భుజాలూ మోకాళ్ళూ కప్పి ఉండాలన్న నియమం చీర కట్టుకున్నవాళ్ళని ఏమీ బాధపెట్టదు. లోపలికి వెళ్ళగానే కుడివైపు గాజు అడ్డం వెనకాల మైకెలాంజెలో పియెతా. చనిపోయిన కొడుకుని ఒళ్ళో పెట్టుకున్న తల్లి. పాతికేళ్ళు కూడా నిండకుండా చెక్కాడట. మా అత్తయ్యకి మావారి కంటే ముందు ఓ అబ్బాయి, పంతొమ్మిదో ఏట పోయాడు. మా ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తరు. ఆవిడ ఆ గాజు ముందు, జనం అటూ ఇటూ తోసుకుంటుంటే, స్తంభం పక్కన చెయ్యి ఆనించుకుని ఎంతసేపు నిలబడ్డారో నేను గడియారం చూడలేదు. ఎవరూ జెండా ఎత్తి పదండి పదండి అనలేదు. బస్సు ఎక్కడా ఆగి లేదు. తర్వాత బయట స్తంభాల నీడలో కూర్చుని, ఆ తల్లి మొహం అంత చిన్నపిల్లలా ఎందుకు చేశాడో అన్నారు. తర్వాత, వాడికి ఉలవచారంటే ఇష్టం అన్నారు. ఇరవై ఏళ్ళ కోడలిని, ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది.

రోమ్ వీధుల్లో నల్లటి రాళ్ళబాట నిజంగానే కాళ్ళకి కష్టం. చీర కింద దళసరి అట్ట బూట్లు వేసుకోవాల్సిందే, అందం సంగతి పక్కన పెట్టాలి. ప్రతి నాలుగు వీధులకీ ఇనప కుళాయి ఒకటి ఉంటుంది, నసోనీ అంటారు, ముక్కులా వంగి ఉంటుంది గనక. నీళ్ళు ఎప్పుడూ కారుతూనే ఉంటాయి, చల్లగా, తాగచ్చు. సీసా నింపుకుంటే ఖర్చు లేదు. 2025 జూబిలీ కోసమని ఆ సమయంలో చాలాచోట్ల మరమ్మతుల పరదాలు కట్టి ఉన్నాయి. మాకేం బాధనిపించలేదు, రోజుకి ఒక్కటే కదా మా లెక్క.

లూక్కా ఎందుకన్నది చెప్పాలి. టస్కనీ అనగానే అందరూ ఫ్లారెన్స్‌లో దిగుతారు. ఫ్లారెన్స్ గొప్పదే, కాని అక్కడ రాత్రుళ్ళు ఖరీదు, పగళ్ళు జనం. అక్కడి నుంచి ప్రాంతీయ రైల్లో గంటా ఇరవై నిమిషాలు వెళ్తే లూక్కా. చుట్టూ చెక్కుచెదరని కోటగోడ, నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. గోడంటే మనం అనుకునే గోడ కాదు. పైన వెడల్పాటి బాట, రెండు పక్కలా చెట్లు, బెంచీలు. ఒకసారి పైకెక్కితే మెట్లు లేవు, రాళ్ళు లేవు, బండ్లు లేవు. మోకాళ్ళ నొప్పుల మనిషికి ఇంతకంటే మంచి ఊరు ఇటలీలో ఇంకోటి నాకు తెలిసి లేదు. పిల్లలు సైకిళ్ళు తొక్కుతుంటారు, ముసలివాళ్ళు కర్రలు పట్టుకుని నడుస్తుంటారు, సాయంత్రమైతే ఊరు ఊరంతా బట్టలు మార్చుకుని బయటికొస్తుంది. దానికి పస్సెజ్జాతా అని పేరు. ఏ పనీ లేకుండా నడవడం. మన ఊళ్ళలో ఒకప్పుడు సాయంత్రాలు అరుగుల మీద కూర్చునేవాళ్ళు చూడండి, ఆ అరుగులకి కాళ్ళొస్తే ఇలా ఉంటుంది.

అత్తయ్యకి ఓ బెంచీ అలవాటైంది. రెండోరోజు నుంచీ అదే వేళకి ఇద్దరు ముసలమ్మలు వచ్చి ఈవిడ పక్కన కూర్చునేవారు. ఒకావిడ అత్తయ్య చీర అంచు పట్టుకుని చూసి "బెల్లా, బెల్లా" అంది. ఈవిడ ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసి నొప్పా అన్నట్టు చూపించారు. ఆవిడా తలూపింది. ఇక ముగ్గురూ మోకాళ్ళ గురించి ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకున్నారు. ఇటాలియన్లో దాదాపు ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది, మన తెలుగులాగే. తెలుగు బి.ఏ.లో అజంత భాష అని పాఠం చెప్పుకున్నదాన్ని, తూర్పు దేశపు ఇటాలియన్ అని మన భాషకి ఉన్న బిరుదు విని విని విసిగినదాన్ని, ఆ బెంచీ పక్కన నిలబడి కళ్ళు మూసుకుని వింటే నిజంగానే ఎవరిది ఏ భాషో ఓ క్షణం తెలియలేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకి కొట్లన్నీ మూసేస్తారు, మళ్ళీ మూడున్నర, నాలుగుకి తెరుస్తారు. టూరుకెళ్ళేవాళ్ళు దీన్ని తిట్టుకుంటారు. మా ఇంట్లో పెద్దావిడ కునుకు తీసే సమయం సరిగ్గా అదే. ఊరు ఊరంతా మనతోబాటు పడుకుంటుంటే మనకి పోయేదేముంది? లూక్కా నుంచి ఓరోజు ఫ్లారెన్స్ వెళ్ళి ఉఫీజీ చూశాం. సోమవారం మూసి ఉంటుంది కాబట్టి మంగళవారం. ఇంకోరోజు పీసా, రైల్లో అరగంట, వాలిన గోపురాన్ని చేత్తో పట్టుకున్నట్టు మావాడి ఫొటో, అయిపోయింది. లూక్కాకి వెళ్ళేవాళ్ళు అక్టోబరు చివర, నవంబరు మొదట్లో మాత్రం చూసుకోండి. అప్పుడు బొమ్మల కథల పెద్ద ఉత్సవం జరుగుతుంది, గదులు దొరకవు.

తిండి. ఇదే అందరూ అడిగేది. "అపార్ట్‌మెంట్ తీసుకోండి, వంటగది ఉంటుంది, రైస్ కుక్కర్ పట్టుకెళ్ళండి" అని పదిమంది చెప్పారు. వంటగది ఉంటే వండేదెవరు అని ఒక్కరూ చెప్పలేదు. ప్రపంచంలో ఏ మూలకెళ్ళినా పొయ్యి కనపడితే నా కాళ్ళు అటే వెళ్తాయి, అది నాకు తెలుసు, మావాళ్ళకి ఇంకా బాగా తెలుసు. అందుకని రోమ్‌లోనూ లూక్కాలోనూ పొద్దున టిఫినుతో కలిపి ఇచ్చే గదులే తీసుకున్నాను, వంటగది లేనివి. రైస్ కుక్కర్ ఇంట్లోనే ఉంది. కందిపొడి, కారప్పొడి, మాగాయ తీసుకెళ్ళాం. నెయ్యి, పాలకోవా, జున్నులాంటివి బయటి దేశాల నుంచి యూరప్‌లోకి తీసుకెళ్ళకూడదు, పచ్చి కరివేపాకు కూడా అంతే. ముందే తెలుసుకుంటే విమానాశ్రయంలో చెత్తబుట్టలో వెయ్యక్కర్లేదు.

శాకాహారులకి ఇటలీలో తిండికి కరువు లేదు, కాని నాలుగు సంగతులు తెలిసుండాలి. ఎండు పాస్తా గోధుమ రవ్వది, మామూలుగా గుడ్డుండదు. చేత్తో అప్పటికప్పుడు చేసే తాల్యతెల్లేలాంటి వాటిలో గుడ్డుంటుంది. అసలైన పార్మిజాన్ జున్ను దూడ కడుపులోంచి తీసే పదార్థంతో తోడుపెడతారు. ఇది అత్తయ్యకి చెప్పకుండా దాచడం సులువే, నేను చెప్పాను. ఆ తర్వాత "సెన్సా ఫొర్మాజ్జో", జున్ను లేకుండా, అన్న మాట ఆవిడ నా కంటే బాగా పలికేవారు. మరినారా పిజ్జా అంటే పేరు విని చేపలనుకుంటారు, అందులో టమాటా, వెల్లుల్లి, నూనె, ఓ ఆకు పొడి తప్ప జున్ను కూడా ఉండదు. వెల్లుల్లి, నూనె, ఎండుమిరపకాయతో చేసే స్పగెత్తీకి కాస్త కందిపొడి తగిలిస్తే ఎవరైనా అడిగి వేయించుకుంటారు. సూపులూ రిసొత్తోలూ మాత్రం మాంసం ఉడికించిన నీళ్ళతో చేస్తారేమో అడగాలి. లూక్కాలో చెచీనా అని ఒకటుంది. శనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి పెద్ద పళ్ళెంలో పోసి కొలిమిలాంటి పొయ్యిలో కాలుస్తారు, పైన మిరియాల పొడి. మొదటి ముక్క తినగానే అత్తయ్య, "ఇదేంటే అమ్మాయ్, మన శనగపిండి అట్టుని వీళ్ళు పొయ్యిలో పడేశారు" అన్నారు. నాలుగు రోజులూ అదే.

కాఫీ సంగతి. కౌంటరు దగ్గర నిలబడి తాగితే ఒక ధర, బల్ల దగ్గర కూర్చుంటే ఇంకో ధర. యూరో 92 రూపాయల పైన ఉన్న రోజులవి, నిలబడే తాగాం, అత్తయ్యని మాత్రం కూర్చోబెట్టి. లాతే అని అడిగితే గ్లాసుడు పాలు తెచ్చిస్తారు. కప్పుచినో పొద్దున్నే తాగుతారు, భోజనం తర్వాత అడిగితే జాలిగా చూస్తారు. భోజనం హోటళ్ళలో మనిషికింత అని కొపెర్తో పేరుతో బిల్లులో కలుపుతారు, దానితో పోట్లాడక్కర్లేదు. రాత్రి ఏడు, ఏడున్నర కాకుండా వంటగదులు తెరవరు.

చివరి నాలుగు నిద్రలూ పాదువాలో. అక్కడ మాత్రం ఇల్లు తీసుకున్నాను, వంటగదితో, బట్టలుతికే మిషనుతో. షరతు ఒకటి. ఆ నాలుగు రోజులూ గరిటె మగవాళ్ళది. వెనిస్‌కి అరగంట దూరంలో ఉన్న ఈ ఊరిని దాటుకుని వెళ్ళిపోతారు జనం. 1222లో మొదలైన విశ్వవిద్యాలయం ఇక్కడుంది, గెలీలియో పద్ధెనిమిదేళ్ళు పాఠాలు చెప్పాడు. అక్కడి మెట్ల దగ్గర ఒక స్త్రీ విగ్రహం ఉంది. ఎలెనా కొర్నారో పిస్కోపియా. 1678లో తత్వశాస్త్రంలో డాక్టరేటు పుచ్చుకుంది, ప్రపంచంలో ఆ పట్టా అందుకున్న తొలి మహిళగా ఆవిడ పేరు చెప్తారు. పెళ్ళి కుదిరిందని ఎమ్మే ఆపేసినదాన్ని, ఆ విగ్రహం కింద ఓ ఫొటో దిగాను. ఫొటోలో నేను కాస్త కోపంగా ఉన్నానని మావాడంటాడు.

స్క్రొవెన్యీ ఛాపెల్‌కి ముందే టిక్కెట్ తీసుకోవాలి. పావుగంట ఓ గదిలో కూర్చోబెడతారు, ఒంటి తేమ సర్దుకోవడానికి. తర్వాత లోపల పావుగంటే. జొత్తో 1305 ప్రాంతంలో వేసిన గోడబొమ్మలు, పైన నీలం ఆకాశం నిండా బంగారు చుక్కలు. పావుగంట ముందు కూర్చోబెట్టడం వల్లే పావుగంట చూడ్డం నిండుగా ఉందని నాకనిపించింది. ఉరుక్కుంటూ వెళ్ళి చూసేది కాదది.

వెనిస్‌లో నిద్ర ఎందుకు చెయ్యలేదంటారా? నాలుగు వందలకి పైగా వంతెనలు, దాదాపు అన్నిటికీ మెట్లు. పగలు వెళ్ళి వచ్చాం. స్టేషన్ బయటే ఒకటో నంబరు పడవ ఎక్కితే పెద్ద కాలువ పొడుగునా ప్రతి రేవులోనూ ఆగుతూ సాన్ మార్కో దాకా ముప్పావుగంట పడుతుంది. టిక్కెట్ 9.50 యూరోలు, ఖరీదే. కాని అత్తయ్య ఒక్క మెట్టూ ఎక్కకుండా వెనిస్ అంతా కూర్చున్నచోటి నుంచే చూశారు. "వరదలో మా లంక ఊళ్ళు ఇలాగే ఉండేవి, ఇంత మేడలు లేవంతే" అన్నారు. తమాషా ఏమిటంటే, 2024లో ఎంపిక చేసిన కొన్ని రోజుల్లో పగలొచ్చి పగలు పోయేవాళ్ళ దగ్గర వెనిస్ 5 యూరోల ప్రవేశ రుసుము మొదలుపెట్టింది. రాత్రి ఉండేవాళ్ళకి అది లేదు. నిద్ర చేసేవాళ్ళ విలువ వాళ్ళకీ తెలిసినట్టుంది. మేం వెళ్ళిన అక్టోబరులో ఆ రుసుము వసూలు లేదు.

దసరా పాదువాలోనే వచ్చింది, 12వ తేదీ. పొద్దున్నే పియాజ్జా దెల్లె ఎర్బె బజారుకెళ్ళి వంకాయలు, టమాటాలు, పూలు తెచ్చుకున్నాం. బల్ల మీద ఫోన్లో అమ్మవారి ఫొటో నిలబెట్టి, పూలు పెట్టి అత్తయ్య పూజ చేశారు. మావారూ అబ్బాయీ రిసొత్తో బియ్యం వండారు. ఆ బియ్యం ముద్దవుతాయి, పులిహోరకి పనికిరావు గాని దద్ధ్యోజనానికి అంతకంటే మంచి బియ్యం లేదు. పెరుగు సూపర్‌మార్కెట్లో దొరికింది. తాలింపు మాడింది. నేను కుర్చీలోంచి లేవలేదు. లేవబోతే అత్తయ్య నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు, "మాడనీ, తింటారులే" అని.

మిలాన్ చూడలేదా, కోమో సరస్సు చూడలేదా, అమాల్ఫీ చూడలేదా అంటే, లేదు. అంత డబ్బు ఖర్చుపెట్టి, మళ్ళీ ఎప్పుడు వెళ్తారో ఏమో, అన్నీ చూసేస్తే ఓ పనైపోయేది కదా అంటారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. మా తరగతి వాళ్ళకి ఇలాంటి ప్రయాణం జీవితంలో రెండోసారి రావడం కష్టమే. కాని రెండోసారి రాదు కాబట్టే నాకు పరుగెత్తాలనిపించలేదు. చిన్నపిల్లలున్నవాళ్ళు మా పద్ధతిలో ఊరికి నాలుగు బదులు ఐదు నిద్రలు వేసుకుని, ఓ ఊరు తగ్గించుకుంటే ఇంకా నయం. కుర్రవాళ్ళు, ఇద్దరే వెళ్ళేవాళ్ళు, కాళ్ళలో సత్తువ ఉన్నవాళ్ళు మధ్యలో ఓర్వియేతోలాంటి కొండమీది ఊరొకటి కలుపుకోవచ్చు, స్టేషన్ నుంచి పైకి తీసుకెళ్ళే చిన్న బండి ఉంటుంది.

మా ఆడపడుచు వాళ్ళు వచ్చే ఏడు వెళ్దామనుకుంటున్నారు. పదిహేనూళ్ళ జాబితా పంపింది, చూసి చెప్పమని. జాబితా అత్తయ్యకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివి, "ఇందులో లూక్కా ఏదే?" అన్నారు.